ఎవరో ఆవిడ

కపిలేశ్వరపురం,
5 జూన్ 2025.

వదినా,

ఈ రోజుల్లో ఉత్తరమేంటని నవ్వకు. మా ప్రసాదు కొనిపెట్టిన చెవి మిషను పెట్టుకుంటే మనిషి మాట తప్ప అన్నీ వినపడుతున్నాయి. ఫ్యాను, కాకులు, పక్కింటి గ్రైండరు. మాటైతే ఎదురుగా నిలబడి అరవాలి. ఫోను చెవికి ఆనిస్తే కుయ్యిమంటుంది. కోడలు శ్రీదుర్గ "మీరు చెప్పండత్తయ్యా, నేను టైపు చేసి పంపిస్తాను" అంటుంది. మంచి పిల్లే. కానీ నా వదినతో నేను చెప్పుకునే మాట ముందు దానికి చెప్పాలా? పోస్టాఫీసు ఇంకా ఉంది, నా చెయ్యి ఇంకా ఆడుతోంది. అందుకని ఇది.

అంబాజీపేట పిన్ని మనవరాలి పెళ్ళికి మీరిద్దరూ రాలేదేం? నేను పక్క కుర్చీలో చేతిసంచి పెట్టుకుని, ఎవరొచ్చినా "మా అన్నయ్య వస్తాడండీ" అంటూ కూర్చున్నాను. భోజనాలయ్యేక సంచి తీసేసేను. అక్కడెవరో అన్నారు కదా, రాజోల్లో మాస్టారు వీధిలో తిరుగుతూ అందర్నీ పేరడుగుతున్నారట. నాకు ఒళ్ళు మండింది. మా అన్నయ్యకి మతిమరుపేంటి? డ్రిల్లు మాస్టారు గోవిందరాజులు గారంటే ఏ బస్సెక్కినా కండక్టరు లేచి సీటిచ్చేవాడు. ఆ కండక్టరు చిన్నప్పుడు హైజంపు ఎంత ఎత్తు దూకేడో కూడా అన్నయ్య చెప్పేవాడు. నోళ్ళు మూయించేసేను.

నీ నోటితో నువ్వు చెప్పు, అబద్ధమని. గోదారి మధ్య మన లంకలో దొండకాయ బాగా కాస్తోంది, ఎవరైనా అటొస్తే పంపుతాను.

నీ ఆడపడుచు,
సత్యవాణి

—

రాజోలు,
14 జూన్.

సత్యవాణీ,

నీ దస్తూరీ చూసి చాలాకాలమైంది. కవరు విప్పకుండా కాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

నువ్వు విన్నది అబద్ధం కాదమ్మా. నీకు చెప్పాలని ఫోను చేసినప్పుడల్లా నువ్వు "ఆఁ? ఆఁ?" అనేదానివి. ఇలాంటి మాట అరిచి ఎలా చెప్పను?

రిటైరై ఇన్నేళ్ళైనా, మీ అన్నయ్య రోజూ పొద్దున్నే తెల్లప్యాంటు, బూట్లు వేసుకుని స్కూలుకి తయారవుతారు. మొదట్లో "మీరు రిటైరయ్యేరండీ" అనేదాన్ని. ఆ మాట ప్రతిరోజూ కొత్తగా వింటారు. మొహం వాడిపోతుంది. రోజూ ఒక మనిషికి ఉద్యోగం పోయిందని చెప్పడం ఎవరి తరం? అందుకని ఇప్పుడు "ఇవాళ సెలవండీ" అంటున్నాను. "ఏం సెలవు?" అంటారు. "వానకండీ" అంటాను. బయట నిప్పులు చెరిగే ఎండ. ఒకసారి ఆకాశంకేసి చూసి, "ఆయ్, మంచిదే. పిల్లలు తడవకూడదు" అని బూట్లు విప్పుతారు.

అమలాపురంలో డాక్టరుగారు స్కానింగు తీయించేరు. డిమెన్షియా అన్నారు. మెదడు కుంచించుకుపోతోందట. మందులు వేగం తగ్గించడానికే గానీ, వెనక్కి తెచ్చేవి లేవన్నారు. పోయిన నెల ఆయన ఎవరికీ చెప్పకుండా చించినాడ వంతెన దాకా నడిచి వెళ్ళిపోయేరు. పాత విద్యార్థి ఒకడు గుర్తుపట్టి లారీలో తీసుకొచ్చి దింపేడు. అప్పట్నించి గేటుకి తాళం వేస్తున్నాను.

మాకు పిల్లల్లేరు, ఆ స్కూలు పిల్లలే ఆయనకి పిల్లలు. వాళ్ళ పేర్లే ముందు పోయేయి. నా పేరు సంగతి నేను అడగడం లేదు.

పిలుస్తున్నారు. ఎదురుగానే ఉన్నాను, అయినా పిలుస్తున్నారు. ఉంటాను.

మీ వదిన,
గంగాభవాని

—

కపిలేశ్వరపురం,
22 జూన్.

వదినా,

నీ ఉత్తరం చదివి అన్నం ముద్ద దిగలేదు. కానీ ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. మనిషికి తాళమేంటి వదినా? గేదెని కట్టేసినా సాయంత్రం విప్పుతాం. అన్నయ్య గాలి తగిలే మనిషి. గ్రౌండులో పుట్టి గ్రౌండులో పెరిగినవాడిలా ఉండేవాడు. నాలుగ్గోడల మధ్య పెడితే బాగున్నవాడికే మతి పోతుంది.

డాక్టర్లు అలాగే చెప్తారు. మా మావగారికి ఆఖర్లో ఇలాగే ఉంటే ఇక్కడి ఆచారిగారు లేహ్యం ఇచ్చేరు, కొంత తేటపడ్డారు. కనుక్కుని పంపుతాను. అంతర్వేది తీసుకెళ్ళి స్వామికి ఒకసారి చూపించు. నువ్వు దగ్గర కూచుని పాత సంగతులు గుర్తుచేస్తూ ఉండు. మాట్లాడేవాళ్ళు లేక కూడా మనుషులు ఇలా అయిపోతారు. మీ ఇంట్లో మొదట్నించీ మాటలు తక్కువ.

నీకు చాతకాకపోతే మా దగ్గరికి పంపెయ్యి వదినా. ఇక్కడ మనుషులున్నారు, పెరడుంది, గోదారి గాలి ఉంది. నేను చూసుకుంటాను నా అన్నయ్యని.

వెంటనే జవాబు రాయి.

సత్యవాణి

—

రాజోలు,
3 జూలై.

సత్యవాణికి,

ఉత్తరం అందింది. లేహ్యం పంపవద్దు. ఆయన బాగానే ఉన్నారు. నాకు చాతనవుతోంది.

అక్షరాలు బాగోలేదు, ఏమీ అనుకోకు.

గంగాభవాని

—

కపిలేశ్వరపురం,
12 జూలై.

గంగాభవాని గారికి,

కాగితం చిరిగేలా, కోడి కెలికినట్టు గీకి పారేసిన నాలుగు ముక్కలు అందేయి. అంత కోపం వచ్చే మాట నేనేమన్నానో నాకు తెలీదు. పోనీ, మీకు కోపమొస్తే నన్ను తిట్టండి. మా అన్నయ్య మీద చూపించకండి.

మొన్న ప్రసాదు అరటి గెలల పనిమీద రాజోలు వచ్చి మీ ఇంటికొచ్చేడు. గేటుకి బయటనుంచి తాళం. వాళ్ళ మావయ్య వరండా ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నాడట. మేనల్లుణ్ణి గుర్తుపట్టలేదు. "బాబూ, ఎవరో ఆవిడ మా ఇంట్లో దూరింది. నన్ను బయటికి పోనివ్వడం లేదు. మావాళ్ళకి కబురు చెయ్యండి" అని ఏడ్చేడట. వీడు "అత్తయ్యా, అత్తయ్యా" అని అరిచేడు. పలికే దిక్కు లేదు. మీకు ఫోను చేస్తే లోపలే మోగింది, తీసినవాళ్ళు లేరు. ఎంతసేపు నిలబడతాడు? బండిలో సరుకు ఉంది, వచ్చేసేడు. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాడు, ఏంట్రా అంటే అప్పుడు చెప్పేడు.

మళ్ళీ ఫోను చేసి అడుగుతానన్నాడు వాడు. నేనే వద్దన్నాను. ఇది మనిద్దరి మధ్య మాట.

మా నాన్న పోయేక నన్ను పెంచి, చదివించి, పెళ్ళి చేసి అత్తారింటికి పంపినవాడు అన్నయ్య. వాడు ఊచలు పట్టుకుని ఏడుస్తుంటే నేనిక్కడ కూర్చుని అన్నం తినాలా? ప్రసాదుని కారిచ్చి పంపుతాను. బట్టలు సర్ది ఉంచండి.

సత్యవాణి

—

రాజోలు,
17 జూలై.

సత్యవాణీ,

ప్రసాదుని పంపు. బట్టలు సర్దేను.

పంపేముందు నువ్వు కొన్ని తెలుసుకోవాలి. ఈ ఉత్తరం ఆగి ఆగి రాసేను. ఎడంచేత్తో రాస్తున్నాను, పోయిన ఉత్తరమూ అంతే. కోపం కాదమ్మా అది. నా కుడి మణికట్టు విరిగింది.

అది విరిగిన రోజు పొద్దున్న ఆయన్ని స్నానానికి పిలిచేను. చొక్కా గుండీలు తీస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "ఎవరండీ మీరు? ఒంటిమీద చెయ్యేస్తారేంటి? మా ఇంట్లో ఆవిడ చూస్తే ఏమనుకుంటుంది?" అన్నారు. "ఆవిడ్ని నేనేనండీ" అని నవ్వేను. నవ్వకుండా ఉండాల్సింది. తోసేరు. ఆ చేతుల బలం ఎక్కడికీ పోలేదు. బాత్రూము గడపమీద పడ్డాను.

నేను లేవలేకపోవడం చూసి, "అయ్యో, దెబ్బ తగిలిందా అండీ" అంటూ తనే పరిగెత్తుకొచ్చేరు. ఎవరు తోసేరో ఆయనకి తెలీదు. తువ్వాలు మడిచి, స్కూల్లో పిల్లలకి కట్టినట్టు చెయ్యి మడతబెట్టి మెడకి కట్టేరు. ఎంత కుదురుగా కట్టేరంటే ఆస్పత్రిలో డాక్టరు "ఎవరమ్మా ఈ కట్టు కట్టింది?" అని అడిగేడు. మా వారండీ అన్నాను. ఎలా పడ్డారంటే, తడికి జారేనన్నాను. పక్కింటి మార్తమ్మగారికీ అదే చెప్పేను. జీవితంలో నామీద గొంతు పెంచని మనిషిని పెళ్ళాన్ని కొట్టేవాడని ఊరు అనుకుంటే నేను భరించలేను. నీకు రాయనిదీ అందుకే. నువ్వైనా మనసులో ఉంచుకో.

ప్రసాదు వచ్చిన రోజు నేను పిండికట్టు చూపించుకోడానికి వెళ్ళేను. హడావిడిలో ఫోను మంచంమీదే ఉండిపోయింది. ఆయన దగ్గర మార్తమ్మగారిని కూర్చోబెట్టే వెళ్ళేను. ఆవిడ వాళ్ళింట్లో పొయ్యిమీద పాలు పెట్టి వచ్చిందట, అవి దింపడానికి గేటు తాళం వేసి వెళ్ళిన కాసేపట్లోనే వాడొచ్చేడు. తిరిగొచ్చేసరికి వీధి మలుపులో వాడి బండి వెళ్ళడం చూసిందట.

ఎముక సరిగ్గా అతకలేదు. ఆపరేషను చేసి ప్లేటు వెయ్యాలంటున్నారు. ఈయన్ని ఎవరికి అప్పగించి ఆస్పత్రిలో పడుకోను? అని వాయిదా వేస్తున్నాను. కాబట్టి నువ్వు అడగకపోయినా నేనే అడగాల్సి వచ్చేది. అడిగే ధైర్యం నాకు లేకపోయింది, నువ్వు తిట్టి ఆ పని తేలిక చేసేవు.

ఆయన్ని వెనకనుంచి ముట్టుకోకు, ఎదురుగా వచ్చి కనపడు. స్నానానికి ముందు పాదాల మీద గోరువెచ్చని నీళ్ళు పొయ్యి, ఒప్పుకుంటే పైకి రా. లేకపోతే ఆ పూటకి వదిలెయ్యి, కొంప మునగదు. చేప ముల్లు తీసి పెట్టు. "మర్చిపోయేవా అన్నయ్యా?" అని మాత్రం అడక్కు. మర్చిపోయిన సంగతి ఆయనకి తెలుస్తుంది, అదే ఆ జబ్బులో ఉన్న పాపం. పాత సంగతులు గుర్తుచెయ్యమన్నావు కదా. నేను చేసేను సత్యవాణీ. మా పెళ్ళి ఫోటో చూపిస్తే, "ఈ అమ్మాయి బాగుంది, ఎవరమ్మాయి?" అన్నారు.

మా ఇంట్లో మాటలు తక్కువన్నావు. ఇప్పుడు పొద్దస్తమానం మాటలే. రెండువైపులా నేనే మాట్లాడుతున్నాను.

గంగాభవాని

—

రాజోలు,
9 ఆగస్టు.

సత్యవాణీ,

ఆపరేషను అయింది. మార్తమ్మగారు ఆస్పత్రిలో నా దగ్గరే ఉండి, నిన్న ఇంటికి తీసుకొచ్చింది. కట్టు ఇంకా ఉంది, ఎడంచెయ్యి మాత్రం బాగా దారికొచ్చింది చూడు.

ఆయన్ని తీసుకెళ్ళడానికి ప్రసాదుతో వచ్చిన రోజు నువ్వు కారు దిగకుండా కూర్చున్నావు. మొహం చూపించలేక అనుకున్నాను. నేను కూడా నీ మొహం చూడలేక గేటు దగ్గరే ఆగిపోయేను. ఎందుకొచ్చిన బాధ ఇద్దరికీ?

నిజం చెప్తున్నాను, ఆయన వెళ్ళిన మర్నాడు ఎండెక్కేదాకా పడుకున్నాను. లేచి కాఫీ కలుపుకుని, వేడివేడిగా, కూర్చుని, గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగేను. అలా తాగి ఎన్నాళ్ళైందో. వీధి తలుపు గడియ వెయ్యకుండా స్నానం చేసేను. ఎవరైనా వింటే ఎంత రాక్షసి అనుకుంటారు. తరవాత కూర వండితే ఇద్దరికి సరిపడా వచ్చింది. గుమ్మంలో బూట్లు లేవు. "ఇవాళ సెలవండీ" అని గోడకి చెప్పేను. ఏ శబ్దమైనా "వస్తున్నా" అని లేస్తున్నాను.

ఆయన ఎలా ఉన్నారు? తింటున్నారా? ప్రసాదు ఫోనులో "బానే ఉన్నాడత్తయ్యా" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేస్తున్నాడు. నీ చేత్తో రాయి, అన్నీ రాయి.

ఒకటి అడగనా? నన్ను అడుగుతున్నారా?

వదిన

—

కపిలేశ్వరపురం,
18 ఆగస్టు.

వదినా,

నేను కారు దిగకపోవడం సిగ్గుతోనే. దిగితే నీ చెయ్యి చూడాలి. అంత రాసిన చేత్తో ఇప్పుడు ఇంకేం రాయను? నీ చెయ్యి జాగ్రత్త.

అన్నీ రాయమన్నావు, రాస్తాను. మొదటి వారం పండగలా ఉంది. అన్నయ్య పెరట్లో తిరిగేడు, దొండపాదులు చూసేడు, నన్ను "అమ్మా" అన్నాడు. అమ్మ పోలిక నాది కదా అని సంబరపడ్డాను. తరవాత తెలిసింది, నిజంగానే అమ్మననుకుంటున్నాడు. "అమ్మా, చెల్లి బడినించి రాలేదేం?" అంటాడు. వీధిలోకి చూస్తాడు. ఆ చెల్లిని నేనేరా అని అందామని నోటిదాకా వచ్చింది, నీ మాట గుర్తొచ్చి ఆగేను. "వచ్చేస్తుందిలే నాయనా" అంటాను. వదినా, అన్నయ్య నా ఇంట్లోనే ఉన్నాడు. నాకు అన్నయ్య లేడు.

ఇంకొకటి ఉంది. పోయిన వారం గోదారి ఎర్రబడి రేవు మెట్లదాకా వచ్చింది, లంకలోకి నీళ్ళెక్కేయి. ప్రసాదు గేదెల్ని గట్టుకి తోలడానికి పోయేడు. నేను పెరట్లో తోటకూర కోస్తున్నాను. అన్నయ్య వెనకనుంచి ఏదో అడిగేడట, పక్కింటివాళ్ళు విన్నారు. అడిగి అడిగి వెళ్ళిపోయేడు. నా చెవులకి అందలేదు. తలెత్తి చూసేసరికి మనిషి లేడు. నేను అరుస్తూ వీధులన్నీ తిరిగేను, ఎవరైనా జవాబిచ్చినా వినపడదు కదా, మొహాల్లోకి చూసుకుంటూ తిరిగేను. రేవులో మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి, వరద చూడ్డానికి వచ్చిన జనాన్ని "వెనక్కి, అందరూ వెనక్కి" అని గదమాయిస్తున్నాడట. తను మాత్రం ముందుకే వెళ్తున్నాడు. జనం పట్టుకుని లాగేరు.

మర్నాడు ప్రసాదు తాళం తెచ్చేడు. గేటుకి నేనే వేసేను వదినా. వాడి చేత వేయించలేదు. తాళంచెవి నా మెళ్ళో ఉంది.

ఇప్పుడు ఇద్దరం అరుగుమీద కూర్చుంటాం. అతను చెప్పేది నాకు వినపడదు, నేను చెప్పేది అతనికి అందదు. శ్రీదుర్గ పాపం చేస్తుంది గానీ, దానికి పిల్లలు, వంట. స్నానాల దగ్గర నన్నూ ఒకసారి విదిలించేడు, పడలేదు, గోడ పట్టుకున్నాను. పంతంకొద్దీ తెచ్చుకున్నాను, పంతంతో మనిషిని సాకలేమని తెలిసింది.

బీపీ చూసే నర్సు దీనమ్మ వారానికోసారి వస్తుంది. ఆవిడొస్తే చూడాలి, ఠక్కున లేచి నిలబడతాడు. "రండమ్మా, కూర్చోండి, ఎండనపడి వచ్చేరు" అంటాడు. మొన్న బత్తాయి ఒలిచి, పీచు తీసి, తొనలు పళ్ళెంలో పెట్టి ఇచ్చేడు. నాకెప్పుడూ ఒలిచి పెట్టలేదు. కొత్తవాళ్ళంటే ఎంత మర్యాదో. అయినవాళ్ళమంటేనే భయం.

నిన్ను అడక్కేం వదినా? అడుగుతున్నాడు. "భవాని ఏది, భవాని ఏది" అని ఒకటే కలవరింత. నువ్వు దిగులు పెట్టుకోకు.

సత్యవాణి

—

రాజోలు,
26 ఆగస్టు.

సత్యవాణీ,

ఆయన నన్ను ఎప్పుడూ భవాని అని పిలవలేదు. పెళ్ళైన కొత్తలో "ఇదిగో" అనేవారు. తరవాత "ఏమోయ్". ఎక్కువ మురిపెం వస్తే "హెడ్‌మాస్టారూ" అనేవారు, అది కూడా తలుపు వేసి ఉంటేనే. నా పేరు రేషను కార్డులో ఉంది గానీ ఆయన నోట నేను వినలేదు.

నువ్వు అబద్ధం రాసేవని కోపం లేదు. చదివి ఏడ్చేను, నిజమే. ఆ తరవాత ఆలోచిస్తే, నన్ను బాధపెట్టకూడదని ఎవరైనా ఒక అబద్ధం ఆడి ఎంతకాలమైందో గుర్తు రాలేదు. ఈ మధ్య ఆ పని ఇంట్లో నేనొక్కదాన్నే చేస్తున్నాను. ఇప్పుడు ఇద్దరమయ్యేం.

నువ్వు వీధుల్లో మొహాల్లోకి చూసుకుంటూ తిరిగేవని చదివినప్పుడు మాత్రం ఇక్కడ కూర్చోలేకపోయేను. మార్తమ్మగారి ఇంటికి వెళ్ళి, వాళ్ళ వరండాలో కూర్చుని వచ్చేను.

ప్రసాదు నిన్న ఫోను చేసేడు. "అత్తయ్యా, పెరటి గది సున్నం వేయించేను. నువ్వూ వచ్చెయ్యి. అమ్మ చిక్కిపోతోంది" అన్నాడు. "మీ ఆవిణ్ణి అడిగేవా?" అంటే, "సున్నం వేయించిందే అదత్తయ్యా" అన్నాడు. వస్తున్నాను. ఈ వాటా ఖాళీ చేస్తున్నాను. మంచాలు, గిన్నెలు మార్తమ్మగారు చూసుకుంటుంది. కుడిచెయ్యి ఇంకా బరువు ఎత్తలేదు, కానీ నాకు వినపడుతుంది. ఆయన అడిగింది నేను విని నీకు చెప్తాను. ఆయన్ని లేవదీసేటప్పుడు నువ్వు పట్టుకుందువు గాని. పూటలు పంచుకుందాం. నీ పూటలో నేను పడుకుంటాను, నా పూటలో నువ్వు పడుకో. తాళం వేసినందుకు ఒకరినొకరం ఏమీ అనుకోవద్దు.

నాదొక మాట మాత్రం మీ ఇంటిల్లిపాదీ వినాలి. నేనెవరో ఆయనకి చెప్పకండి. "వదిన వచ్చింది అన్నయ్యా, చూడు" అని నువ్వు సంబరంగా అనేస్తావని నా భయం. పెళ్ళాన్నని చెప్పుకుని ఒకావిడ ఇంట్లో తిరిగితే ఆయన ఎంత బెదిరిపోతారో నేను చూసేను. నాకు మళ్ళీ ఆ కళ్ళు చూడాలని లేదు. దీనమ్మగారితో ఉన్నట్టు నాతో ఉంటే చాలు.

వచ్చే వారం, శుక్రవారం ఉదయం బస్సుకి బయల్దేరతాను. బస్టాండుకి ఎవరూ రావద్దు. ఆటోలో వచ్చి గుమ్మంలో నిలబడతాను. నువ్వు లోపలే ఉండు. ఆయన్నే రానియ్యి.

"ఎవరండీ? ఎవరు కావాలి?" అంటారు. నిన్నంతా ఏం చెప్పాలా అని ఆలోచించేను. మాస్టారి కోసం వచ్చేనండీ అంటాను. అందులో అబద్ధమేమీ లేదు.

ఎండనపడి వచ్చేరు, కూర్చోండి అంటారు. కూర్చుంటాను.

గంగాభవాని